చెవి పైన మెత్త

"నేనే చంపాను సార్. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు?"

లాకప్ గదిలో బెంచీ మీద కూర్చున్నవాడు ఆ మాట గోడకి చెప్పాడు, డిటెక్టివ్‌కి కాదు. చంపినవాళ్ళు మామూలుగా మొదట కాదంటారు, తర్వాత తెలీదంటారు, గట్టిగా అడిగితే నీళ్ళు నములుతారు. వీడు మాత్రం అడక్కముందే నేరం నెత్తికెత్తుకుంటున్నాడు. పోలీసు ఉద్యోగంలో జుట్టు నెరిసి, బయటికొచ్చి సొంతంగా కేసులు పట్టుకుంటూ పళ్ళు కూడా ఊడగొట్టుకున్న డిటెక్టివ్ ఇలాంటివాణ్ణి ఎప్పుడూ చూడలేదు. అందుకే నమ్మబుద్ధి కావడం లేదు.

పోయినది వీడి బావ. తలకి పెట్టుకునే తెరలు తయారుచేసే డిజైనర్. టవర్లెక్కి మరమ్మతు చేసేవాళ్ళకి రెండు చేతులూ పనిలోనే ఉంటాయి, కాగితం పట్టుకుని చూడ్డానికి మూడో చెయ్యి ఉండదు. అందుకని నడుముకి చిన్న కంప్యూటరు కట్టుకుంటారు, తలకి ఒక పట్టీ పెట్టుకుంటారు. ఆ పట్టీ నుంచి సన్నటి కొమ్మ ఒకటి ముందుకొచ్చి, గోరంత తెరని ఒక కంటి ముందు నిలబెడుతుంది. ఏ తీగ ఎక్కడ కలపాలో అందులో కనిపిస్తుంది. తెర చూపించడం ఏమంత కష్టం కాదట. రోజంతా తల మీద నొప్పి పుట్టకుండా కూర్చోబెట్టడమే అసలు పని. ఆ మనిషి ఏళ్ళ తరబడి చేసింది అదే. ఇంట్లో అందరూ దాన్ని కిరీటం అంటారు.

మొన్న మధ్యాహ్నం, ఇంటి పైనున్న వర్క్‌షాపులో, పని బల్లకి బిగించిన, వస్తువుల్ని కదలకుండా పట్టే ఇనప వైస్ అంచు తల వెనక గుచ్చుకుని ఆయన చనిపోయాడు. చనిపోయినప్పుడు తలకి కొత్త కిరీటం ఉంది. పోలీసులకి ఫోన్ చేసిందీ, వాళ్ళు రాగానే చేతులు చాపిందీ ఈ బామ్మర్దే.

"ఎందుకు చంపావు?" అన్నాడు డిటెక్టివ్.

"మాటా మాటా పెరిగింది."

"ఏం మాట?"

"ఇంటి మాట. బయటివాళ్ళకెందుకు?"

"కొట్టావా, తోశావా?"

"తోశాను."

"ఏ చేత్తో?"

వాడు తన కుడి చేతి వైపు చూసుకున్నాడు. మోచేతి పైనుంచి వేళ్ళ మొదళ్ళ దాకా సిమెంటు కట్టు. పోయిన వారం బైకు మీంచి పడ్డాడు.

"ఎడం చేత్తో," అన్నాడు.

"తోశాక?"

"భయమేసింది. కిరీటం తీసి తలకి పెట్టాను. పెట్టుకుని చూసుకుంటూ కాలు జారి పడ్డాడనుకుంటారని."

"జారిపడ్డాడని నమ్మించడానికి కిరీటం పెట్టావు. మరుక్షణం పోలీసులకి ఫోన్ చేసి నేనే తోశానన్నావు. ఈ రెండు పనులూ చేసింది ఒకే మనిషేనంటావా?"

వాడు కట్టు అంచుని ఎడం చేతి గోటితో గీకాడు.

"పోనీ, ఎలా పెట్టావో చెప్పు."

"ఎలా ఏముంది సార్? టోపీ పెట్టినట్టే పెట్టాను."

డిటెక్టివ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక గానీ గుర్తు రాలేదు, నిన్నటి నుంచి చెవి వెనక నొప్పి లేదని. ఆ అద్దాల కాడ రెండేళ్ళుగా ఆయన కుడి చెవిని కొరుక్కు తింటోంది. నిన్న వీడి అక్క, అంటే పోయినాయన భార్య, కేసు అప్పగించడానికి వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ, "కాసేపు అవి ఇలా ఇస్తారా," అని అద్దాలు తీసుకుని, సంచిలోంచి సూదీ దారం తీసి, కాడ చివరికి గోరంత మెత్తటి తోలు చుట్టి కుట్టి ఇచ్చింది. కన్నీళ్ళతో దారం ఎక్కించలేక రెండుసార్లు తప్పింది గానీ, మానలేదు. "ఎర్రగా కమిలిపోయిందండీ. చూస్తూ ఊరుకోలేను," అంది. మొగుడు పోయి ఒక్క రోజు. రెండేళ్ళ కిందట కొడుకు పోయాడు, టవర్ మీంచి పడి. ఇప్పుడు తమ్ముడు లాకప్‌లో. ఆ మనిషికి ఇంకొకరి చెవి నొప్పి కనిపించింది.

"సార్," అన్నాడు బామ్మర్ది, మొదటిసారి ఇటు తిరిగి. "అక్క తింటోందా?"

"నేను చూడలేదు."

"ఎవరైనా పక్కన కూర్చుంటే తింటుంది. లేకపోతే తినదు." గొంతు సర్దుకున్నాడు. "మీరు ఈ కేసు వదిలెయ్యండి సార్. పెద్దవారు, మీకు దణ్ణం పెడతాను. ఇంటికెళ్ళిపోండి."

చెయ్యనివాడైతే కాపాడమంటాడు, చేసినవాడైతే తప్పించుకోవాలని చూస్తాడు. వదిలెయ్యమని దణ్ణం పెట్టేవాడు మూడో రకం. ఆ మూడో రకం దేనికోసం అలా చేస్తారో డిటెక్టివ్‌కి ఆ క్షణాన తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

* * *

బయట వరండాలో ఇన్‌స్పెక్టర్ కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు డిటెక్టివ్ చేతికింద పని నేర్చుకున్నవాడే. నేర్చుకున్నదాంట్లో సగం మర్చిపోయాడు, మిగతా సగం తనే కనిపెట్టానంటాడు.

"రండి గురువుగారూ. ఏమన్నాడు? ఒప్పుకున్నాడా, ఇంకా ఒప్పుకున్నాడా?"

"కిరీటం ఎవరు పెట్టారో తేలందే ఈ కేసు తేలదు."

"వాడే పెట్టానంటున్నాడుగా. పట్టీ లోపలి వైపు రక్తం ఉంది. దెబ్బ తగిలాక పెట్టిందే. ఈ మాత్రం నేనూ చూశాను. మీరు నేర్పిందే."

"నేర్పింది ఇంకా ఉంది. ఒంటి చేత్తో ఎలా పెట్టాడు?"

"నేను రోజూ నా టోపీ ఒంటి చేత్తోనే పెట్టుకుంటాను."

"అది టోపీ."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆగిపోయింది. "గురువుగారూ, ఒప్పుకున్న కేసుని తవ్వి నా నెత్తిన మట్టి పోయకండి. ఆ ఇంట్లో అందరూ మతులు పోయినట్టున్నారు. ఆ ఇల్లాలు కూడా ఆ రోజే స్టేషన్‌కి వచ్చి ఏదేదో మాట్లాడింది. పాపమని జీపులో ఇంటికి పంపించాను. వాడు రేపు కోర్టులో కూడా ఇదే చెప్తాడు. ఇక మీకేం పని?"

"వాడు కోర్టులో ఆ మాట చెప్తే వాడి బతుకు జైల్లో తెల్లారిపోతుంది. అదీ నా పని. కిరీటం, ఫోటోలు పట్టుకుని నాతో వర్క్‌షాపుకి రా. నేను తప్పయితే నీ ముందే చెవులు పట్టుకుంటాను."

ఆ చివరి మాట ఇన్‌స్పెక్టర్‌కి బాగా నచ్చినట్టుంది. వెంటనే లేచాడు.

* * *

వర్క్‌షాపు తలుపు తియ్యగానే ఎదురుగా తలలు కనిపిస్తాయి. చెక్క తలలు. గోడ పొడుగునా బల్ల మీద వరసగా పెద్దవి, చిన్నవి, కోలగా ఉన్నవి, వెనక చదునుగా ఉన్నవి. ఎవరి తల ఎలా ఉన్నా కిరీటం సరిపోవాలి కదా. ప్రతి తల మెడ మీదా సుద్దతో ఒక పేరు రాసి ఉంది: పెద్దాయన, కోడిగుడ్డు, సోడాబుడ్డి, మా టీచరు. పోయిన కొడుకు పెట్టిన పేర్లట. రెండేళ్ళయినా ఎవరూ చెరపలేదు, పైగా సుద్ద మాసినప్పుడల్లా ఎవరో మళ్ళీ దిద్దినట్టున్నారు. కిటికీ పక్కన కుట్టుమిషను. మధ్యలో పని బల్ల, దానికి ఆ వైస్. కింద నేల కడిగేశారు గానీ గచ్చు పగుళ్ళలో నలుపు మిగిలింది.

ఇన్‌స్పెక్టర్ సీలు వేసిన సంచి, ఫోటోలు బల్ల మీద పెట్టాడు. డిటెక్టివ్ ఫోటోల మీదకి వంగాడు.

మొదటి ఫోటోలో మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పడిపోయినట్టు లేడు, పడుకోబెట్టినట్టున్నాడు. తల పక్కకి వాలిపోకుండా కింద మడత పెట్టిన గుడ్డ ఉంది.

"ఈ గుడ్డ?"

"అక్కడే పడి ఉంది. వర్క్‌షాపన్నాక గుడ్డలుండవా?"

"నాలుగు మడతలు పడి మరీ ఉంటాయా?"

రెండో ఫోటో తలకి దగ్గర్నుంచి తీసింది. డిటెక్టివ్ జేబులోంచి భూతద్దం తీశాడు. పట్టీ కింద ఒక్క వెంట్రుక కూడా నలగలేదు. నుదుటి మీద జుట్టంతా పైకి తీసి, తర్వాత పట్టీ దించారు. రెండు చెవుల పై అంచులూ పట్టీలోంచి బయటికి లాగి ఉన్నాయి. ఎవరికి వారు పెట్టుకుంటే చెవి ఎలాగూ ఒకటి నలుగుతుంది, తర్వాత వేలితో సర్దుకుంటారు. ఇక్కడ ఎవరో ఎదురుగా కూర్చుని, చూసి చూసి పెట్టారు.

"సంచి తియ్యి. కిరీటాన్ని ముట్టుకోను, చూస్తాను."

పారదర్శకంగా ఉన్న సంచిలోంచి ఎడమ చెవి పైన వచ్చే చోట ఒక కొత్త మెత్త కనిపించింది. లేత గోధుమరంగు తోలు, లోపల దూది. మిగతా మెత్తల్లా గుండ్రంగా లేదు. మధ్యలో చిన్న రంధ్రం వదిలి చుట్టూ కుట్టారు.

"ఇదేమిటో తెలుసా?" అన్నాడు డిటెక్టివ్.

"మెత్త. తల నొప్పెట్టకుండా."

"ఈ మనిషి మెత్తలు పెట్టుకోడు. ఆయన భార్య నిన్న చెప్పింది. మెత్తలుంటే నొప్పి ఎక్కడ పుడుతుందో తెలీదని, అన్నీ పీకేసి ఉత్త పట్టీ పెట్టుకుని రోజంతా తిరిగేవాడట. అందులోనూ మొదటి నమూనా, రాయిలా బిగుసుకునేది. అదే రెండేళ్ళుగా పెట్టుకుని, ఎడమ చెవి పైన పుండు పడినా తియ్యలేదట. ఆ పుండుకి రాత్రిళ్ళు మందు రాసేది ఆవిడే. ఎందుకండీ ఈ మొండితనం అంటే జవాబు చెప్పేవాడు కాదట." వేలితో సంచి మీంచి ఆ రంధ్రం చుట్టూ గీశాడు. "పోస్టుమార్టం కాగితంలో ఆ పుండు ఎంతుందో చూడు. ఈ రంధ్రం సరిగ్గా అంతే ఉంటుంది. పుండుకి తగలకుండా కుట్టిన మెత్త ఇది."

ఇన్‌స్పెక్టర్ కాగితం తీసి చూశాడు. చూసి మడిచేశాడు. కాదనలేదు.

"అయితే ఏమిటంటారు?"

"చచ్చిపోయినవాడికి పుండు నొప్పెడుతుందని భయపడిన హంతకుడు ఎవడు అంటున్నాను. ఇలా రా. దీని జత ఇంకొకటి అదిగో ఆ కొక్కేనికి వేలాడుతోంది. తీసి ఈ పెద్దాయనకి పెట్టు. కుడి చెయ్యి జేబులో పెట్టుకుని."

ఇన్‌స్పెక్టర్ ఎడం చేత్తో కిరీటాన్ని చెక్క తల మీద పెట్టాడు. పెట్టడం తేలికే. బిగించడమే ఉంది. దాని వెనక చిన్న గిన్నెలాంటిది తల వెనక గుంటలో కూర్చుంటుంది. దాన్ని ఒక చేత్తో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో చక్రాన్ని లోపలికి నొక్కి తిప్పాలి. ఆయన చక్రం తిప్పబోతే గిన్నె జారింది. గిన్నె పట్టుకుంటే చక్రం తిరగలేదు. మోచెయ్యి అడ్డం పెట్టి ఒత్తబోతే కంటి ముందు ఉండాల్సిన తెర గడ్డం కిందకి వచ్చి ఊగింది.

"చెక్క తల కాబట్టి జారుతోంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ముఖం కందగడ్డ చేసుకుని.

"అయితే నా తల తీసుకో. ఎప్పటి నుంచో నీకు ఆ కోరిక ఉన్నట్టుంది."

డిటెక్టివ్ కుర్చీలో కూర్చుని తల వంచాడు. ఇన్‌స్పెక్టర్ శిష్యుడిగా ఉన్నప్పటి కసి కూడా కొంత కలిపి ప్రయత్నించాడు. నాలుగు వెంట్రుకలు ఊడాయి, చెవి గీరుకుంది, కిరీటం ముక్కు మీదకి దిగింది. బిగుసుకోలేదు.

"ఒంటి చేత్తో తిరిగే చక్రం ఆయన ఇంకా తయారుచెయ్యలేదు. అదొక్కటే మిగిలిందని ఆవిడ చెప్పింది," అన్నాడు డిటెక్టివ్ జుట్టు సర్దుకుంటూ. "బామ్మర్ది ఒంటి చేత్తో మనిషిని తొయ్యగలడు, ఒప్పుకుంటాను. ఇది పెట్టలేడు. వెంట్రుక నలగకుండా అసలు పెట్టలేడు. తల కింద గుడ్డ మడత కూడా పెట్టలేడు. వాడు చెప్పేది అబద్ధం."

ఇన్‌స్పెక్టర్ కిరీటాన్ని తీసి కొక్కేనికి తగిలించాడు. ఓడిపోవడం ఆయనకీ కొత్త కాదు, గురువు ముందు ఓడిపోవడమే కష్టం.

"సరే గురువుగారూ. వాడు కాదు. మరెవరు?"

డిటెక్టివ్‌కి హుషారొచ్చింది. ఇలాంటి క్షణాల కోసమే ఆయన ఇంకా ఈ వయసులో మెట్లెక్కుతున్నాడు. లేచి నిలబడి, వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టాడు.

"రెండు చేతులూ ఆడే మనిషి. ఈ పట్టీ రోజూ ఇంకొకరికి పెట్టి అలవాటైన మనిషి. సూదీ దారం తెలిసిన మనిషి. ఆ పుండు ఎంతుందో వేలితో తాకి తెలిసిన మనిషి. ఎవరి తలైనా సరే, నొప్పి పుడుతుంటే చూస్తూ ఊరుకోలేని..."

అక్కడ ఆగిపోయాడు. చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళింది. అద్దాల కాడకి కుట్టిన మెత్తటి తోలు వేలికి తగిలింది. తీసి చూశాడు. లేత గోధుమరంగు.

"ఊఁ, చూస్తూ ఊరుకోలేని?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ ముఖం కనపడకుండా ఉండడానికి అటు తిరిగి కుట్టుమిషను దగ్గరికి నడిచాడు. కింద నేల మీద అదే రంగు తోలు ముక్కలు నాలుగైదు పడి ఉన్నాయి. మెత్త ఇక్కడే కుట్టారు, ఈ గదిలోనే. ఆవిణ్ణి ఆయన నిన్న ఎన్నో అడిగాడు. మెత్తల గురించి అడిగాడు, తమ్ముడి గురించి, కొడుకు గురించి అడిగాడు. మొదట చూసిందెవరంటే నేనే అంది. అది జరిగినప్పుడు మీరెక్కడున్నారమ్మా అని మాత్రం అడగలేదు. పసివాడైనా అడిగే ప్రశ్న. ఆ ముఖం చూసి నోరు రాలేదు.

ముక్కల వెనక, మిషను కాళ్ళ మధ్య, గుడ్డలో చుట్టిన మూట ఒకటి ఉంది. ఇన్‌స్పెక్టర్ మనుషులు కుట్టుబట్టలనుకుని వదిలేసి ఉంటారు. డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని విప్పాడు.

పాత కిరీటం. మొదటి నమూనాల్లోది. కొమ్మ విరిగిపోయి ఉంది. పట్టీ ఎడమ వైపు సొట్టపడి, ఆ సొట్టలో టవర్లకి వేసే ఎర్ర రంగు అంటుకుని ఉంది. నుదుటి మెత్త నల్లగా ఎండి పగిలిపోయింది.

కొడుకు పడిపోయిన రోజు అది తలకి లేదని, సంచిలోనే ఉండిపోయిందని తండ్రి అందరికీ చెప్పాడు. భార్యకి కూడా అదే చెప్పాడట, నిన్న ఆవిడ మాటల్లో వచ్చింది. సంచిలో ఉన్నదానికి టవర్ రంగు ఎలా అంటుకుంటుంది? ఇక వెతకడానికి ఏమీ మిగల్లేదు. డిటెక్టివ్‌కి లేచి నిలబడబుద్ధి కాలేదు.

"తేలిందాండీ?"

ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. కళ్ళు వాచి ఉన్నాయి గానీ గొంతు నిలకడగానే ఉంది.

"మా తమ్ముడు కాదని తేలిందా?"

"తేలిందమ్మా," అన్నాడు డిటెక్టివ్.

"ఈయన కూడా ఒప్పుకున్నారా?"

ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఒప్పుకున్నాను. వాడి వల్ల కాదు," అన్నాడు.

ఆవిడ ఊపిరి వదిలింది. నిన్నటి నుంచి బిగబట్టుకున్న ఊపిరి అది. లోపలికొచ్చి కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది, ఇంట్లో రోజూ కూర్చునే చోట కూర్చున్నట్టే.

"మిగతాది నేను చెప్తాను. మీరు చెప్పడానికి ఇబ్బంది పడుతున్నారు."

"అమ్మా, మీరిప్పుడు ఏం మాట్లాడినా..."

"తెలుసండీ. రాసుకోమనండి." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు పొద్దున్నే ఆయన పుండుకి తగలకుండా మెత్త కుట్టడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి అయింది. ఇంకో రెండు కుడదామని, తోలు కోసం పై అలమర వెతికాను. పిల్లాడి కిరీటం దొరికింది. నా కుట్టు నాకు తెలీదా? వాడి నుదురు కొలిచి కుట్టింది. ఆయన్ని అడిగాను. చెప్పేశారు. నేనెప్పుడు అడుగుతానా అని ఇన్నాళ్ళూ చూస్తున్నట్టు, గబగబా మొత్తం చెప్పేశారు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు గానీ రాయలేదు.

"పిల్లాడు పైనుంచి ఫోన్ చేశాడట. నాన్నా, చెవి పైన చీల్చేస్తోంది, తీసేస్తాను అని. ఇంకో గంట ఓర్చుకోరా, ఎంతసేపటికి ఎక్కడ నొప్పి పుడుతుందో తెలియాలి అన్నారట. వాడు నాన్న మాట కాదనలేడు. నొప్పి తట్టుకోలేక పట్టీని పైకి జరుపుకున్నాడు. అది జారి, కొమ్మతో సహా దిగి రెండు కళ్ళకీ అడ్డం పడింది. కింద ఉన్నవాళ్ళు చూశారు, చెయ్యి గాల్లో వెతుక్కోవడం. అప్పట్నించీ ఆయన అలాంటిదే ఇంకొకటి పెట్టుకుని తిరిగారు. వాడికి ఎక్కడ నొప్పి పుట్టిందో సరిగ్గా అక్కడే పుండు చేసుకున్నారు. నాకేం తెలుసు? రాత్రిళ్ళు మందు రాస్తూ విసుక్కునేదాన్ని."

"రెండేళ్ళు," అంది మళ్ళీ. "రెండేళ్ళు నాతో మెత్తలు కుట్టించారు. వాడి నొప్పి కోసమేనని చెప్పకుండా. నాకు ఒళ్ళు తెలీలేదు. రెండు చేతుల్తో తోశాను. ఇంతే, ఇలా. చంపాలని కాదు. అంత దగ్గర్లో ఆ ఇనుము ఉందని కూడా గుర్తు లేదు."

కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేసుకుంటున్నారు. అది వెళ్ళేదాకా ఆవిడ ఆగింది.

"వెంటనే పోలేదు. ఒక్క నిమిషం ఉన్నారు. డాక్టర్ని పిలుస్తానని లేస్తుంటే కొంగు పట్టుకున్నారు. మెత్త అయిందా అన్నారు. అయిందన్నాను. పెట్టు, చూద్దాం అన్నారు. పెట్టాను. ఎప్పుడూ పెట్టినట్టే జాగ్రత్తగా పెట్టాను. చక్రం తిప్పుతూ, చాలా అని అడిగాను. చాలు, నొప్పి లేదు అన్నారు. ఆ తర్వాత ఇంకేం అనలేదు."

నిజం తేలిన గదిలో ఉండి, అది తేలకుండా ఉంటే బాగుండునని డిటెక్టివ్ కోరుకోవడం ఇదే మొదలు.

"మా తమ్ముడు మెట్లెక్కి వచ్చేసరికి ఆయన తల నా ఒళ్ళో ఉంది. వాడికి ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నన్ను కింద గదిలో పెట్టి గడియేసి, ఫోన్ చేసి, నేనే చంపానన్నాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనండీ. ఆ రుణం ఇలా తీర్చుకుందామనుకున్నాడు. పక్కింటివాళ్ళ చేత గడియ తీయించుకుని స్టేషన్‌కి వెళ్ళాను. ఈ ఇన్‌స్పెక్టరుగారి ముందు నిలబడి, నేనే తోశాను బాబూ అని చెప్పాను." ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. "మీరేమన్నారో గుర్తుందా?"

ఇన్‌స్పెక్టర్‌కి గుర్తుంది. తమ్ముడి కోసం ఏ అక్కైనా అలాగే అంటుందమ్మా, ఇంటికెళ్ళి పడుకోండి అన్నాడు. తనే జీపెక్కించాడు. ఆ మాట కాగితం మీద పెట్టలేదు.

"నా మాట ఎవరూ నమ్మరని తెలిసింది. వాడు తన మాట మార్చడని కూడా తెలుసు. అందుకే మీ దగ్గరికి వచ్చాను," అంది డిటెక్టివ్‌తో. "నిన్న మీకు చెప్పేస్తే మీరూ అలాగే అనుకునేవారు. వాడి చేత కాదని మీ అంతట మీకే తెలియాలి. ఎవరి చేత అవుతుందో కూడా. అడిగినవాటికి అబద్ధం చెప్పలేదు నేను."

"లేదమ్మా," అన్నాడు డిటెక్టివ్. "మీరు చెప్పలేదు. నేనే అడగలేదు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "వెళ్దామా అమ్మా," అన్నాడు.

ఆవిడ లేచింది. మిషను మీద పడి ఉన్న సూదిని అలవాటుగా దారపు ఉండకి గుచ్చింది. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినదానిలా బల్ల మీది సంచి వైపు తిరిగింది.

"అది కూడా కోర్టుకి తీసుకెళ్తారా?"

"తీసుకెళ్ళాలమ్మా."

"అయితే చక్రం వదులు చేసి పెట్టండి. బిగించి ఉంచేస్తే మెత్త అణిగిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు చూశాడు. మీరు చెప్పండి అన్నట్టు.

"వదులు చెయ్యడానికి లేదమ్మా," అన్నాడు డిటెక్టివ్. "మీ తమ్ముణ్ణి విడిపించేది అదే. ఎలా బిగించారో అలాగే ఉండాలి."

ఆవిడ అర్థమైనట్టు తల ఊపింది. వెనక్కి వచ్చి, సంచి మీద చెయ్యి ఆనించింది.

"ఉండనివ్వండి," అంది. "ఆయన తల కొలత అది."